జవాబు మారిస్తే... కేసు మారుతుందా?

పత్రిక మీద పరువు నష్టం దావా పడింది. పత్రిక తన జవాబేదో కోర్టుకు ఇచ్చింది. ఏళ్లు గడిచాక 'ఆ జవాబు మార్చుకుంటాం' అంటే చట్టం ఒప్పుకుంటుందా? విశాఖ కోర్టుకెక్కిన రూ.75 కోట్ల దావా నేపథ్యంలో ఆ సంగతులు...

పొద్దున్నే కాఫీతోపాటు చేతికొచ్చే పేపర్లో ఒక వార్త. పైన పెద్ద శీర్షిక, పక్కన ఫొటో, లోపల నాలుగు అంకెలు. చదివేవాళ్లకు రెండు నిమిషాల పని. సాయంత్రానికి ఆ కాగితం పాత పేపర్ల దొంతరలోకి వెళ్లిపోతుంది. కానీ, అందులో పేరున్న మనిషి 'ఇది పచ్చి అబద్ధం' అంటూ కోర్టు మెట్లెక్కితే మాత్రం ఆ రెండు నిమిషాల వార్త ఏళ్ల తరబడి వాయిదాలు తిరుగుతుంది.

విశాఖపట్నానికి ఈ అనుభవం ఉంది. 2019 అక్టోబరు 22న సాక్షి దినపత్రిక 'చినబాబు చిరుతిండి.. 25 లక్షలండి' అన్న శీర్షికతో ఓ వార్త ప్రచురించింది. విశాఖ విమానాశ్రయంలో తెలుగుదేశం నాయకుడు నారా లోకేష్ చిరుతిళ్ల కోసం పాతిక లక్షల రూపాయల ప్రభుత్వ సొమ్ము ఖర్చయిందన్నది దాని సారాంశం. లోకేష్ ఆ వార్తను ఖండించారు. అందులో చెప్పిన తేదీల్లో తాను అసలు విశాఖలోనే లేనన్నారు. విమానాశ్రయానికి వచ్చిపోయే ప్రముఖుల అతిథి మర్యాదలకైన ఖర్చును తనకు అంటగట్టారన్నారు. ముందు లాయరు నోటీసు పంపారు. తర్వాత విశాఖ జిల్లా కోర్టులో రూ.75 కోట్లకు పరువు నష్టం దావా వేశారు. పత్రిక యాజమాన్య సంస్థతోపాటు ఎడిటర్, విశాఖలోని పాత్రికేయులు ప్రతివాదులయ్యారు. క్రాస్ ఎగ్జామినేషన్ కోసం లోకేష్ 2024 ఆగస్టులో, అక్టోబరులో, మళ్లీ 2025 జనవరిలో విశాఖ కోర్టుకు వచ్చారు. అప్పటికి ఆయన రాష్ట్రమంత్రి. వార్త అచ్చయి ఐదేళ్లు దాటింది.

ఎవరి మాట నిజమో తేల్చాల్సింది కోర్టు. ఇక్కడ చూడాల్సింది ఆ ఐదేళ్ల కాలాన్ని. ఐదేళ్లలో ప్రభుత్వాలు మారతాయి. బిల్లుల మీద సంతకాలు పెట్టిన అధికారులు బదిలీ అవుతారు, రిటైరవుతారు. వార్త రాసిన విలేకరి ఇంకో ఊరికో, ఇంకో పత్రికకో వెళ్లిపోతాడు. లాయర్లూ మారతారు. ఇలాంటి ఏ దావాలోనైనా సరే, నడుమ ఎక్కడో పత్రిక వైపు నుంచి ఒక ప్రశ్న పుట్టవచ్చు... 'మొదట మనం ఇచ్చిన జవాబు సరిగ్గా లేదు, మార్చుకోవచ్చా?'

మొదటి జవాబే పునాది

పరువు నష్టం దావా వేసిన మనిషి వాది. పత్రిక, ఎడిటర్, విలేకరి ప్రతివాదులు. కోర్టు నుంచి సమన్లు అందాక ప్రతివాది రాతపూర్వకంగా జవాబివ్వాలి. కోర్టు ఆవరణలో దీన్ని అందరూ 'రిటన్ స్టేట్‌మెంట్' అనే అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం దీనికి గడువు 30 రోజులు. కారణం చూపిస్తే 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ గడువు మరీ ఇనుప గోడ కాదనీ, అసాధారణ పరిస్థితుల్లో కోర్టు సడలించవచ్చనీ 2005లో కైలాష్ వర్సెస్ నన్కూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వడానికి వీల్లేదు.

ఈ జవాబు రాయడంలో ఓ చిక్కుంది. 'వాది చెప్పినవన్నీ అబద్ధాలు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కుదరదు. వాది చెప్పిన ఒక్కో విషయానికి విడివిడిగా 'అవును' అనో 'కాదు' అనో చెప్పాలి. కాదనకుండా వదిలేసిన విషయాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. తమ దగ్గరున్న పత్రాలనూ ఆ జవాబుతోపాటే ఇవ్వాలి. తర్వాత తెచ్చి ఇస్తానంటే కోర్టు అనుమతి కావాలి.

ఇంకో సంగతి. దావా వేసిన వెంటనే వాది సాధారణంగా మరో కోరిక కూడా కోరతాడు... కేసు తేలేదాకా నా గురించి ఇంకేమీ రాయకుండా పత్రికను ఆపండి అని. 'మేం రాసింది నిజం, నిరూపించుకుంటాం' అని పత్రిక ముందుకొస్తే కోర్టులు అంత తేలిగ్గా నోరు కట్టేయవు. 1891 నాటి ఓ ఇంగ్లండు తీర్పు నుంచి వస్తున్న సూత్రమిది. బ్లూంబెర్గ్, జీ సంస్థల వివాదంలో 2024 మార్చిలో సుప్రీంకోర్టు దీన్నే గుర్తుచేసింది. విచారణ జరగకుండానే వార్తను తొలగించమనడం సరికాదంది. అంటే, తొలిరోజు పత్రిక ఏ మాట మీద నిలబడిందన్న దాన్నిబట్టే తర్వాతి కథ నడుస్తుంది.

నాలుగు దారులు

పరువు నష్టం దావాలో పత్రికకు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఒక ఆఫీసులో ఓ అధికారి విందు బిల్లు గురించి పత్రిక రాసిందనుకోండి.

'ఆ బిల్లు నిజం, తిన్నది ఆయనే' అనడం మొదటి దారి. సివిల్ దావాలో నిజం అన్నిటికంటే గట్టి డాలు. కాకపోతే నిరూపించాల్సిన భారం పత్రికదే. బిల్లు, తేదీ, సంతకం, సాక్షి... అన్నీ పత్రికే తేవాలి.

'ప్రజల సొమ్ము ఇలా ఖర్చు పెట్టడం దుబారా అని మేం అభిప్రాయం చెప్పాం' అనడం రెండోది. దీన్ని న్యాయమైన వ్యాఖ్య అంటారు. అభిప్రాయం ఎంత ఘాటుగా ఉన్నా ఫర్వాలేదు గానీ, దాని కింద ఉన్న వాస్తవాలు సరైనవై ఉండాలి.

'ఇది శాసనసభలో ఒక సభ్యుడు చెప్పిన మాట, మేం ఉన్నదున్నట్టు ఇచ్చాం' అనడం మూడోది. సభా కార్యక్రమాల గురించి దురుద్దేశం లేకుండా, గణనీయంగా సరైన రీతిలో ప్రచురించిన వార్తలకు రాజ్యాంగంలోని 361ఎ అధికరణ రక్షణ ఇస్తుంది.

'రాసేముందు చేయాల్సిన విచారణ అంతా చేశాం, నిజమనే నమ్మాం' అనడం నాలుగోది. దీనికి మూలం 1994 నాటి ఆర్.రాజగోపాల్ కేసు. తమిళ వారపత్రిక నక్కీరన్‌కు సంబంధించిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు ఓ మాట చెప్పింది. ప్రభుత్వ అధికారులు విధి నిర్వహణలో చేసిన పనుల గురించి రాసినప్పుడు వార్త తప్పని తేలినా, సహేతుకమైన పరిశీలన తర్వాతే రాశామని పత్రిక చూపించగలిగితే చాలంది. మామూలు వ్యక్తి సొంత జీవితానికి ఇది వర్తించదు.

చూడటానికి నాలుగూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టే ఉంటాయి. కానీ ఒక్కోదానికి కావాల్సిన సాక్ష్యం వేరు. మొదటిదానికి బిల్లు కావాలి. నాలుగోదానికి విలేకరి నోట్‌బుక్ కావాలి... ఎవరికి ఫోన్ చేశాడు, ఎవరిని వివరణ అడిగాడు, వాళ్లేమన్నారు అన్నది. పత్రిక 'నిజం' అన్న దారిలో వెళ్లిందనుకోండి. వాది తాను ఆ రోజు ఆ ఊళ్లో లేనని చూపడానికి టికెట్లు, డైరీలు పోగేసుకుంటాడు. బోనెక్కి సాక్ష్యం చెబుతాడు. క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కొంటాడు. అంతా అయ్యాక పత్రిక 'నిజమో కాదో వదిలేయండి, మేం నమ్మి రాశాం' అంటే? ఆట మొదలయ్యాక మైదానం మార్చినట్టవుతుంది. చట్టం జాగ్రత్తపడేది ఇక్కడే.

ఓడ సరుకు జాబితాలాగే...

విశాఖ పోర్టుతో పరిచయం ఉన్నవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. విదేశాల నుంచి ఓడ వస్తోందంటే, అందులో ఏ సరుకు ఎంత ఉందో చెప్పే జాబితాను ముందుగానే కస్టమ్స్‌కు ఇవ్వాలి. దాన్ని మానిఫెస్ట్ అంటారు. ఓడ వచ్చాక జాబితాలో తప్పు కనిపిస్తే? సవరించుకోవచ్చు. కాకపోతే ఎవరికి వారు దిద్దేసుకోవడం కుదరదు. మోసం చేసే ఉద్దేశం లేదని అధికారికి నమ్మకం కలగాలి, ఆయన అనుమతించాలి. 1962 నాటి కస్టమ్స్ చట్టం 30వ సెక్షన్ చెప్పేదిదే.

కోర్టులో జవాబు సవరణ కూడా ఇంచుమించు ఇంతే. తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. బార్లా తెరిచీ ఉంచలేదు.

2002కు ముందు, తర్వాత

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆరో ఆర్డరు, 17వ రూలు అని ఒకటుంది. ఇరుపక్షాల మధ్య అసలు వివాదం తేలడానికి అవసరమైన సవరణలను కోర్టు ఏ దశలోనైనా అనుమతించవచ్చని అది చెబుతుంది. ఈ వెసులుబాటును వాడుకుని కేసులను సాగదీస్తున్నారన్న విమర్శలొచ్చాయి. 1999లో చేసిన చట్ట సవరణలో ఏకంగా ఆ రూలునే తీసేయాలనుకున్నారు. లాయర్ల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. చివరికి 2002 జులై 1 నుంచి మధ్యేమార్గం అమల్లోకొచ్చింది. రూలు ఉంటుంది, కానీ విచారణ మొదలయ్యాక సవరణ కావాలంటే ఒక షరతు. 'తగినంత శ్రద్ధ పెట్టినా ఈ విషయాన్ని ముందుగా లేవనెత్తలేకపోయాం' అని కోర్టును ఒప్పించాలి. ఈ షరతు సబబేనని 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

విచారణ ఎప్పుడు మొదలైనట్టు? సాక్షి తన ప్రధాన సాక్ష్యాన్ని అఫిడవిట్ రూపంలో కోర్టుకు ఇచ్చినప్పటి నుంచే మొదలైనట్టు లెక్కించాలని 2008లో విద్యాబాయి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాది బోనెక్కేదాకా టైముందిలే అనుకోవడానికి లేదన్నమాట.

ఆచరణలో ఏం జరుగుతుందంటే... పత్రిక తరఫు లాయరు సవరణ కోరుతూ అఫిడవిట్‌తో ఓ పిటిషన్ వేస్తాడు. ఏ పేరాలో ఏ వాక్యం తీసేయాలి, ఏది చేర్చాలి అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. వాది దానికి కౌంటరు వేస్తాడు. జడ్జి ఇద్దరి వాదనా వింటాడు. ఆయన చూసేవి ముఖ్యంగా మూడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? అసలు వివాదం తేలడానికి ఇది అవసరమా? దీనివల్ల అవతలి పక్షానికి, డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా? అనుమతి దొరికినా ఊరికే దొరకదు. ఖర్చుల కింద వాదికి కొంత మొత్తం చెల్లించమనవచ్చు. వాదిని మళ్లీ బోనెక్కించాల్సి రావచ్చు. కేసు మరికొన్నాళ్లు వెనక్కి జరుగుతుంది.

ఒప్పుకున్నది చెరిపేయలేరు

సవరణల్లో అన్నిటికంటే కష్టమైనది, ముందు ఒప్పుకున్నదాన్ని వెనక్కి తీసుకోవడం. దీనికి దారి చూపిన తీర్పు ఓ వ్యాపార వివాదంలోది... 1976 నాటి మోదీ స్పిన్నింగ్ మిల్స్ కేసు. జవాబు దాఖలు చేసిన సుమారు మూడేళ్లకు ఆ మిల్లు యాజమాన్యం కొన్ని పేరాలు తీసేసి, వాటి స్థానంలో పూర్తిగా భిన్నమైన కథ చెప్పబోయింది. కుదరదంది సుప్రీంకోర్టు. ఒప్పుకోలు వల్ల వాదికి దక్కిన బలాన్ని సవరణ పేరుతో లాగేసుకోవడం అన్యాయమంది.

అలాగని ప్రతివాదికి దారులన్నీ మూసుకుపోలేదు. వాది తన దావా మార్చుకునేటప్పటి కంటే ప్రతివాది తన జవాబు మార్చుకునేటప్పుడు కోర్టు కాస్త ఉదారంగా ఉండవచ్చని 2006లో బల్‌దేవ్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకదానికొకటి పొసగని రెండు వాదనలు కూడా ప్రతివాది చేయవచ్చంది. పరువు నష్టం దావాకు అన్వయిస్తే... 'మేం రాసింది నిజం. ఒకవేళ కాదని తేలినా, తగిన పరిశీలన చేసే రాశాం' అని పత్రిక అనవచ్చు. అయితే ఈ రెండు మాటలూ మొదటి జవాబులోనే ఉంటే ఎవరూ వేలెత్తి చూపరు. రెండో మాట నాలుగేళ్లకు వస్తే, మొదటి మాట మీద నమ్మకం పోయిందా అన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది.

కొత్త సాక్ష్యం వేరు... కొత్త వాదన వేరు

ఆలస్యంగా వచ్చిందల్లా అబద్ధమని అనుకోకూడదు. కొన్నిసార్లు నిజమే ఆలస్యంగా బయటపడుతుంది. దీనికి లండన్‌లో నడిచిన ఓ కేసు పాఠ్యపుస్తకం లాంటిది. దాని వాస్తవాలకూ విశాఖ దావాకూ ఏ సంబంధమూ లేదు.

బ్రిటన్ మంత్రి జోనథన్ ఐట్కెన్ 1993లో పారిస్‌లోని రిట్జ్ హోటల్లో బస చేశారు. ఆ బిల్లు సౌదీ వ్యాపార సంబంధాలున్నవాళ్లు కట్టారని గార్డియన్ పత్రిక రాసింది. తన భార్యే కట్టిందన్నారాయన. 1995లో పత్రిక మీద పరువు నష్టం దావా వేశారు. 1997 జూన్‌లో విచారణ జరుగుతోంది. పత్రిక పరిస్థితి అంత బాగా లేదు. అప్పుడు దొరికాయి బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాత రికార్డులు, అద్దె కారు కాగితాలు. ఆ రోజుల్లో ఐట్కెన్ భార్య పారిస్ వెళ్లనే లేదని, జెనీవా వెళ్లారని వాటితో తేలింది. దావా కుప్పకూలింది. కోర్టులో అబద్ధమాడినందుకు 1999లో ఐట్కెన్‌కు 18 నెలల జైలుశిక్ష పడింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గార్డియన్ తన మాట మార్చలేదు. 'మేం రాసింది నిజం' అన్న తొలి జవాబు మీదే చివరిదాకా నిలబడింది. ఆలస్యంగా వచ్చింది, ఆ మాటను నిలబెట్టే కాగితం. మన కోర్టుల్లో కూడా ఈ రెంటికీ తేడా ఉంది. ఉన్న వాదనకు బలమిచ్చే పత్రం ఆలస్యంగా దొరికిందంటే, ఎందుకు ఆలస్యమైందో చెప్పి అనుమతి తెచ్చుకోవచ్చు. వాదనే మారుస్తామంటే పరీక్ష కఠినంగా ఉంటుంది.

ఆలస్యమైన 'సారీ'

పత్రికకు ఐదో దారి కూడా ఉంది. తప్పు జరిగిందని ఒప్పుకుని, సవరణ వేసి, క్షమాపణ చెప్పడం. దీనికి కోర్టు అనుమతి అక్కర్లేదు. కానీ దీనికీ ఓ వేళ ఉంది.

2008 సెప్టెంబరులో టైమ్స్ నౌ చానల్ ఓ కుంభకోణం వార్తలో వేరే జడ్జి ఫొటో బదులు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి.సావంత్ ఫొటో చూపించింది. పేర్లు దగ్గరగా ఉండటంతో జరిగిన పొరపాటది. తెర మీద ఫొటో ఉన్నది 15 సెకన్లు. చానల్ ఫొటో చూపడం ఆపేసింది గానీ వెంటనే క్షమాపణ చెప్పలేదన్నది ఆయన ఫిర్యాదు. ఆయన పుణెలో దావా వేశారు. 2011లో కోర్టు రూ.100 కోట్లు చెల్లించమంది. అప్పీలు వినాలంటే రూ.20 కోట్లు డిపాజిట్ చేసి, మిగతా రూ.80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని బొంబాయి హైకోర్టు షరతు పెట్టింది. జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ మొత్తం మరీ ఎక్కువంటూ పత్రికా రంగంలో చాలామంది ఆందోళన చెందారు. అదలా ఉంచితే, మర్నాడే చెప్పిన 'సారీ'కీ, నోటీసు వచ్చాక చెప్పే 'సారీ'కీ ఉన్న తేడా మాత్రం ఆ కేసుతో అందరికీ తెలిసొచ్చింది.

భారం మోసేది ఎవరు?

ఇవన్నీ పెద్దవాళ్ల గొడవలని అనిపించవచ్చు. కానీ ప్రతివాదుల జాబితా చూడండి. పత్రిక ప్రతి సంచికలోనూ ఓ మూల చిన్న అక్షరాల్లో ఎడిటరు పేరుంటుంది. దావా పడితే ఆ పేరు మొదట వస్తుంది. తర్వాత వార్త రాసిన విలేకరి. వార్త ఎక్కడ చదివారో, ఎక్కడ పరువు పోయిందో అక్కడి కోర్టులో కూడా దావా వేసే వీలుంది కాబట్టి జిల్లా విలేకరి సొంత ఊళ్లోనే కోర్టు చుట్టూ తిరగాలి. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలో మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలుగు పత్రికలు ఊరి వార్తకు, వీధి వార్తకు పెద్దపీట వేశాయి. జిల్లా అనుబంధాలొచ్చాయి. మండలానికో విలేకరి వచ్చాడు. వార్త ఎంత దగ్గరికొస్తే, దాంట్లో పేరు పడ్డ మనిషి అంత దగ్గర్లో ఉంటాడు.

అటువైపు వాది కూడా అంతే. వార్త తప్పయితే, ఆ తప్పు పడ్డ రోజు నుంచి తీర్పు రోజు దాకా బంధువుల ముందు, ఇరుగుపొరుగు ముందు తలెత్తుకోలేక తిరిగేది ఆయనే. పత్రిక మూడో ఏట మాట మారిస్తే ఆయన మళ్లీ మొదటికి రావాలి. వార్త నిజమే అయితే, సరైన జవాబు సరైన వేళకు ఇవ్వలేక ఓడిపోయేది పత్రిక ఒక్కటే కాదు, తెలుసుకునే హక్కున్న పాఠకుడు కూడా.

అందుకే పరువు నష్టం దావాలో మంచి జవాబు లాయరు ఆఫీసులో మొదలవదు. వార్త రాసిన రాత్రే మొదలవుతుంది. బిల్లు కాపీ తీసి పెట్టుకున్నారా? తేదీలు మరో దాంతో సరిచూశారా? పేరు రాస్తున్న మనిషికి ఫోన్ చేసి 'మీరేమంటారు' అని అడిగారా? ఆయన చెప్పింది వార్తలో వేశారా? ఈ నాలుగూ జరిగి ఉంటే, 30 రోజుల గడువు చాలు. ఐదేళ్ల తర్వాత చదివినా ఆ జవాబు అలాగే నిలుస్తుంది. ఇవి జరగనప్పుడు ఎన్ని సవరణలు అడిగినా, ఆ రాత్రి చేయని పనిని కోర్టు అనుమతితో ఇప్పుడు చేయడం ఎవరి వల్లా కాదు.

* * *

మీ గురించి తప్పు వార్త వస్తే...

• ముందుగా ఎడిటర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఏ వాక్యం తప్పో, అసలు వాస్తవమేమిటో స్పష్టంగా రాయండి. ఆధారాల కాపీలు జతచేయండి. పత్రిక ఆ రోజు సంచికను భద్రపరచుకోండి.

• పత్రిక సవరణ వేయకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికలో వచ్చిన వార్తయితే రెండు నెలల్లోగా చేయాలి. కౌన్సిల్ మందలించగలదు గానీ నష్టపరిహారం ఇప్పించలేదు.

• పరిహారం కావాలంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. వార్త ప్రచురించిన నాటి నుంచి ఏడాదిలోగానే వేయాలి.

• క్రిమినల్ కేసుకు గడువు మూడేళ్లు. 2024 జులై 1 నుంచి పరువు నష్టం నేరం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వచ్చింది. ఇందులో పత్రిక వార్త నిజమని చూపిస్తే సరిపోదు, అది ప్రజాహితం కోసమే రాశామని కూడా చూపాలి.